మీకు తెలుసా? పాత వీడియో గేములు కనుమరుగవుతున్నాయి!

అట్ట ఊడినా పాత పుస్తకాన్ని చదువుకోవచ్చు. వీడియో గేమ్ అలా కాదు. దాన్ని ఆడించే యంత్రం మూలపడితే ఆట కూడా మూగబోతుంది.

• 2010కి ముందు అమెరికాలో విడుదలైన పాత గేముల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో వెల్లడించింది.

• 2014లో ఉచితంగా వచ్చిన హారర్ గేమ్ ‘పీ.టీ.’ని మరుసటి ఏడాదే ప్లేస్టేషన్ స్టోర్ నుంచి తీసేశారు. అది మిగిలి ఉన్న కన్సోళ్లు అభిమానులకు అపురూపం.

• యంత్రంలో పెట్టి ఆడే తొలి ‘లెజెండ్ ఆఫ్ జెల్డా’ గేమ్ క్యాట్రిడ్జ్‌లో చిన్న బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే సేవ్ చేసుకున్న ఆటంతా చెరిగిపోతుంది.

• 1983లో అటారీ సంస్థ అమ్ముడుపోని క్యాట్రిడ్జ్‌లను న్యూ మెక్సికోలోని అలమొగోర్డో చెత్త డంపులో పూడ్చింది. 2014లో వాటిలో కొన్నింటిని తవ్వి తీశారు. అందులో ఒక ‘ఈ.టీ.’ గేమ్ క్యాట్రిడ్జ్ స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరింది!

• 1997లో మొదలైన ‘మేమ్’ అనే ఎమ్యులేటర్ (పాత యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్) వేలాది పాత ఆర్కేడ్ గేములకు నేటి కంప్యూటర్లలో ఊపిరి పోస్తోంది.

సినిమా రీళ్లలాగే గేములూ మన కాలపు వారసత్వమే. భద్రపరిస్తేనే రేపటి పిల్లలకు అందుతాయి.