ఆకాశంలో గంధకం చల్లితే ఓజోన్ పొర ఏమవుతుంది?

భూమి వేడెక్కుతూనే ఉంది, కర్బన ఉద్గారాలేమో తగ్గడం లేదు. అందుకే కొందరు శాస్త్రవేత్తలు ఓ అడ్డదారి చెబుతున్నారు. విమానాలతో సుమారు 20 కిలోమీటర్ల ఎత్తున గంధకం కణాలు చల్లితే ఎండలో కొంత భాగం వెనక్కి పోతుంది, నేల చల్లబడుతుంది. దీన్నే సోలార్ జియోఇంజనీరింగ్ అంటున్నారు. అయితే అతినీలలోహిత కిరణాలను అడ్డుకుని చర్మ క్యాన్సర్, కంటి శుక్లాల ముప్పు తగ్గించే ఓజోన్ పొర ఉండేదీ ఆ ఎత్తులోనే. చిక్కంతా అక్కడే వస్తోంది.

ప్రకృతి ఈ ప్రయోగం ఒకసారి చేసి చూపించింది. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం పేలి, దాదాపు 1.5 కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ పైకి ఎగసింది. మరుసటి ఏడాది భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ తగ్గింది. ఓజోన్ కూడా పలచబడింది.

మరి గంధకమే ఓజోన్‌ను తినేసిందా? కాదు. అసలు దొంగ క్లోరిన్. పాత ఫ్రిజ్‌లు, ఏసీలు, స్ప్రే డబ్బాల్లో వాడిన సీఎఫ్‌సీ గ్యాసుల నుంచి వచ్చిన క్లోరిన్ ఇంకా పైన తిరుగుతూనే ఉంది. మామూలుగా నైట్రోజన్ ఆక్సైడ్లు అందులో కొంత భాగాన్ని కట్టేసి ఉంచుతాయి. గంధకం కణాల మీద జరిగే రసాయన చర్యల వల్ల ఈ ఆక్సైడ్లు నైట్రిక్ ఆమ్లంగా మారిపోతాయి. ఇక క్లోరిన్‌ను పట్టి ఉంచేవి తగ్గి, అది ఓజోన్ మీద పడుతుంది.

కాబట్టి ఎంత చల్లామన్నదే కాదు, ఎప్పుడు చల్లామన్నదీ చూడాలి. 1987 మాంట్రియల్ ఒప్పందం పుణ్యమా అని క్లోరిన్ మెల్లగా తగ్గుతోంది. అంటార్కిటికా మీద ఓజోన్ 2066 నాటికి 1980 స్థాయికి చేరొచ్చని ఐక్యరాజ్యసమితి నిపుణుల 2022 అంచనా. తొందరపడి ఇప్పుడే చల్లితే ఆ గడువు ఇంకా వెనక్కి జరగొచ్చు.

2006లో ఈ ఆలోచనకు ఊపు తెచ్చిన పాల్ క్రుట్జెన్, ఓజోన్ పరిశోధనకే 1995లో నోబెల్ అందుకున్న మనిషి! ముప్పు తెలియక కాదు, దేశాలు ఉద్గారాలు తగ్గిస్తాయన్న ఆశ సన్నగిల్లి అలా రాశారు.

గంధకం బదులు సున్నపురాయి పొడి వాడొచ్చని హార్వర్డ్ పరిశోధకులు 2016లో సూచించారు. అది ఆమ్లాన్ని విరిచేస్తుంది, ఓజోన్‌కు మేలే జరగొచ్చని వాళ్ల లెక్క. 2021లో స్వీడన్‌లో బెలూన్ పరికరాలను, అదీ పొడి చల్లకుండా, పరీక్షించబోతే సామీ ఆదివాసులు, పర్యావరణ సంఘాలు అడ్డుచెప్పారు. 2024లో ఆ ప్రాజెక్టునే మూసేశారు. సున్నపురాయి సంగతి ల్యాబ్‌లోనూ కంప్యూటర్ లెక్కల్లోనూ ఆగిపోయింది.