కె.బి.ఆర్. పార్కులో ఏడాది పొడవునా నడక



మన ఆసుపత్రి నుండి ఇంటికి వెళ్ళే ప్రతి షుగరు, బి.పి. రోగికి డిశ్చార్జి కాగితం మీద మేము రాసి ఇచ్చే మాట ఒకటుంది. "రోజూ అరగంట నడవాలి." ఎన్నో ఏళ్ళుగా రాస్తున్నాము. ఎక్కడ నడవాలి, ఏ వేళ నడవాలి, ఏమి తిని నడవాలి అన్నది మాత్రం రాయలేదు. ఆ లోటు ఎంత పెద్దదో ఒక వేసవిలో మాకు తెలిసివచ్చింది.

ఫిల్మ్ నగర్ బస్తీ నుండి ఒక లైట్‌మన్ షుగరు ఎక్కువై మన వార్డులో చేరారు. యాభై దాటిన మనిషి. షూటింగు ఉన్న రోజు తిండికి వేళ లేదు, నిద్రకు వేళ లేదు. ఇంటికి వెళ్ళేటప్పుడు, "బస్తీ సందుల్లో ఎక్కడ నడవమంటారు సిస్టరమ్మా, ఒక పక్క ఆటోలు, ఒక పక్క కుక్కలు" అని అడిగారు. "కె.బి.ఆర్. పార్కు దగ్గరే కదా, అక్కడికి వెళ్ళండి" అన్నాము. నిజం చెప్పాలంటే అప్పటికి మాలో చాలామందిమి ఆ పార్కు గేటు లోపల అడుగు పెట్టలేదు. బస్సు కిటికీలో నుండి చూడడమే.

ఆయన మేము చెప్పినట్టే చేశారు. మే నెలలో ఒకనాడు షుగరు మాత్ర వేసుకొని, టిఫిన్ తినకుండా, ఎండ ముదిరాక నడవడానికి వెళ్ళి పడిపోయారు. పక్కన నడిచేవారు ఎండదెబ్బ అనుకొని మొహాన నీళ్ళు చల్లి ఆటోలో తీసుకొచ్చారు. రక్తం పరీక్ష చేస్తే షుగరు 50కి లోపే ఉంది. గ్లూకోజు ఎక్కించిన కాసేపటికి కళ్ళు తెరిచారు. "మీరు నడవమన్నారు, నడిచాను" అన్నారు. ఆయన నిందించలేదు. అయినా ఆ మాట మాకు చాలా రోజులు గుచ్చుకుంది.

ఆ తరువాత మేము కొందరు సిస్టర్లము కలిసి వీలున్న ఉదయాల్లో ఆ పార్కుకు వెళ్ళడం మొదలుపెట్టాము. మేము చూసినవి, నేర్చుకొన్నవి ఇక్కడ రాస్తున్నాము.

ఇది పూలకుండీల పార్కు కాదు, అడవి. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ మధ్య సుమారు 350 ఎకరాల గుట్టలు, పొదలు, చెట్లు. లోపల ఒకప్పుడు ముకరం జాకు చెందిన చిరాన్ ప్యాలెస్ ఉంది. ఏడవ నిజాంకు మనుమడైన ఆయన 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూశారు. 1998లో ఈ స్థలాన్ని నేషనల్ పార్కుగా ప్రకటించి, మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి గారి పేరు పెట్టారు. అక్కడి రాళ్ళ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క. ఒకప్పుడు ఫిల్మ్ నగర్ అంతా ఇలాంటి రాళ్ళగుట్టే. స్టూడియోలు, బంగళాలు, బస్తీలు అన్నీ ఆ రాళ్ళను పగలగొట్టి కట్టుకొన్నవే. మిగిలిన ముక్క ఇది. 2016లో ఫ్లైఓవర్ల కోసం పార్కు చుట్టూ చెట్లు కొట్టేస్తారన్న మాట వచ్చినప్పుడు, రోజూ నడిచేవాళ్ళే ముందుకొచ్చి వద్దన్నారు.

"సినిమా వాళ్ళు కనిపిస్తారా?" అని వార్డులో అందరూ అడుగుతారు. అప్పుడప్పుడు కనిపిస్తారు. ఎత్తు ఎక్కేటప్పుడు వాళ్ళకూ మనకూ ఒకటే ఆయాసం.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో చాలా చెట్లు ఆకులు రాల్చి మోడుగా నిలబడతాయి. అడుగు వేస్తే ఎండుటాకుల చప్పుడు. ఆ బోసి కొమ్మల మధ్య మోదుగ పూలు నిప్పు అంటుకొన్నట్టు ఉంటాయి. ఉగాది నాటికి వేపపూత వాసన, ఎండలు ముదిరాక రేల పూల పసుపు గుత్తులు. చూడడానికి ఎంతో బాగుంటుంది గాని, రోగులకు మేము ఎక్కువ జాగ్రత్తలు చెప్పేది ఈ కాలంలోనే. ఏప్రిల్, మే నెలల్లో ఏడు గంటలలోపు నడక ముగించాలి. ఇంటి దగ్గరే ఒక గ్లాసు నీళ్ళు లేదా పలుచని మజ్జిగ తాగి బయలుదేరాలి. గుండె, కిడ్నీ జబ్బులవారు మాత్రం ఎన్ని నీళ్ళు తాగవచ్చో డాక్టరు గారిని అడిగి తాగాలి.

షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఆ లైట్‌మన్ గారిని గుర్తుంచుకోండి. మందు వేసుకొని ఖాళీ కడుపుతో నడవకండి. జేబులో పంచదార పొట్లం తప్పక ఉండాలి. చెమటలు, చేతుల వణుకు, ఉన్నట్టుండి ఆకలి, మాట తడబడడం, ఇవి షుగరు పడిపోయిన గుర్తులు. వెంటనే కూర్చొని మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే మరోసారి తాగి, తరువాత ఏదైనా తినాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.

జూన్‌లో తొలకరి పడిన మరునాడు వెళ్ళి చూడండి. అదే పార్కని నమ్మలేరు. మట్టివాసన, పొదల్లో నుండి నెమళ్ళ కేకలు. తడి నేల మీద ఎర్రని మఖమలు ముక్కల్లా ఆరుద్ర పురుగులు పాకుతుంటాయి. మాలో ఒక సిస్టరు పల్లెలో పెరిగింది. చాలా ఏళ్ళ తరువాత వాటిని చూసి దారిలోనే కూర్చుండిపోయింది. ఆరోజు మా డ్యూటీకి పది నిమిషాలు ఆలస్యమైంది. (ఆలస్యానికి మందలించవలసినవాళ్ళం మేమే గనుక గొడవ లేకపోయింది.)

వానాకాలంలో రాళ్ళ మీద నాచు పడుతుంది. జారి అరచేయి మోపితే పెద్దవారికి మణికట్టు విరుగుతుంది. అరిగిన హవాయి చెప్పులతో వెళ్ళకండి. షుగరు ఉన్నవారు తడిసిన సాక్సులు వెంటనే మార్చి, వేళ్ళ సందులు తుడుచుకోవాలి. అడవి గనుక పాములుంటాయి. దారి వదలి పొదల్లోకి వెళ్ళకపోతే వాటితో మనకు పని లేదు. ఒకవేళ కాటు పడితే గట్టిగా కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. ఆ కాలు కదలకుండా ఉంచి, విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకురండి. మృగశిర కార్తెకు చేప మందుకు వెళ్ళే కుటుంబాలు మన సంఘంలోనూ ఉన్నాయి. వెళ్ళినవారిని కోప్పడము గాని, ఇన్‌హేలర్ మాత్రం ఒక్కరోజు కూడా ఆపవద్దు.

సెప్టెంబరు దాటేసరికి గుట్టల మీద తంగేడు పూలు, సీతాఫలాలు వస్తాయి. పార్కులో కాయలు కోయకూడదు, అవి పక్షులకు, ఉడతలకు. బజారులో కొనుక్కోండి. షుగరు ఉన్నవారికి సగం పండు చాలు. మిగతా సగం ఇంట్లో ఎవరికైనా ఇవ్వడం కష్టమే అని మాకూ తెలుసు.

డిసెంబరు, జనవరి నెలల్లో మాకు ఎక్కువమంది చెప్పే మాట, "తెల్లవారుజామున మంచి గాలి" అని. చలికాలంలో అది అంత నిజం కాదు. చల్లని గాలి నేలకు దగ్గరగా నిలిచిపోయి, రోడ్డు మీది పొగను కూడా పట్టుకొని ఉంటుంది. చలికి రక్తనాళాలు బిగుసుకొంటాయి, బి.పి. పెరుగుతుంది. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు ఎండ వచ్చాక, ఎనిమిది తరువాత బయలుదేరితే మేలు. చెవులకు, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. నడుస్తుంటే ఛాతీ బరువెక్కినా, దవడ లేక ఎడమ చెయ్యి లాగినా అక్కడే ఆగండి. గ్యాసు అనుకొని ఇంటికి పోయి పడుకోకండి.

మధ్యాహ్నం పూట లోపల నడవనివ్వరు. లోపలికి టికెట్టు ఉంది. అది భారమనుకొనేవారికి పార్కు చుట్టూ బయట నడకదారి ఉంది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ మెట్రో స్టేషను నుండి దగ్గరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల నడక. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. ఒకేసారి చేయలేకపోతే పదేసి నిమిషాలుగా నడిచినా లెక్కే.

ఇప్పుడు డిశ్చార్జి కాగితం మీద నడక గురించి ఆరు వరుసలు రాస్తున్నాము. చదవలేనివారికి చదివి వినిపిస్తున్నాము. ఆ లైట్‌మన్ గారు మూడు నెలలకోసారి ఓ.పి.కి వస్తారు. ముందు జేబులోని పంచదార పొట్లం తీసి చూపించి, తరువాతే రిపోర్టు చేతికిస్తారు. పోయినసారి వచ్చినప్పుడు, "రేల పూసింది సిస్టరమ్మా, ఈ వారం రాలేదేం?" అని మమ్మల్నే అడిగారు. వార్డులో మనుషులు తక్కువై రెండు వారాలుగా మేము వెళ్ళనేలేదు.