తూకానికి వెళ్లబోయిన కీర్తిముఖం

కిందటి దసరా ముందు అల్వాల్‌లోని మా ఇంటికి రంగులు వేయిస్తూ, పూజగదిలోని పాత ఇత్తడి తోరణం కిందికి దించాం. నల్లబడి, ఓ మూల వంకర పోయింది. "తూకానికిచ్చేసి కొత్తది తెచ్చుకుందాం అత్తమ్మా" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. మా చిన్నదే దాన్ని చూసి, "నానమ్మా, దేవుని నెత్తి మీద ఈ రాక్షసి ఎందుకుంది?" అనడిగింది.

"రాక్షసి కాదు బిడ్డా, కీర్తిముఖం" అంటూ అత్తమ్మ కథ మొదలుపెట్టింది. జలంధరుడి దూతగా వచ్చిన రాహువు పార్వతినే ఇమ్మన్నాడట. శివుడి కోపంలోంచి ఆకలిగొన్న భూతం పుట్టింది. రాహువు శరణు వేడగానే శివుడు భూతంతో "నీ ఒంటినే తిను" అన్నాడు. తినగా తినగా ముఖమొక్కటే మిగిలింది. మెచ్చిన శివుడు దానికి గుమ్మం మీద చోటిచ్చాడు. తోరణం కొసల్లో ఉండేవి మకరాలు. మొసలి నోరు, ఏనుగు తొండం, చేప తోక!

కథయ్యాక మెల్లగా, "మా అమ్మ సారెలో పెట్టింది" అంది అత్తమ్మ. నాకు తల కొట్టేసినట్టయింది.

రాగిలో తగరం కలిస్తే కంచు, జింకు కలిస్తే ఇత్తడి. జనగామ దగ్గరి పెంబర్తిలో ఇత్తడి రేకును కాల్చి మెత్తబరిచి, లక్క మీద పరిచి, ఉలీ సుత్తీతో బొమ్మను ఉబ్బెత్తుగా తీస్తారు. గుడి తలుపులకు తొడుగులూ ఇలాగే చేస్తారు. ఈ పనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో వచ్చింది. అది మైనం బొమ్మ చుట్టూ మట్టి పూసి, మైనం కరిగించి లోహం పోసే పద్ధతి. మొహెంజొదారో నాట్యకత్తె కంచుబొమ్మనూ అలాగే పోశారు.

ఇప్పుడు బజార్లో సింహముఖాలు, యాళి బొమ్మలు అచ్చుల్లో పోసినవి బోలెడు. అవి కొనడం తప్పేం కాదు. కానీ రేకుపని అని చెప్పి అమ్మితే వెనక్కి తిప్పి చూడండి. చేత్తో కొట్టినదైతే ముందు ఉబ్బిన చోట వెనక గుంట ఉంటుంది. పాత వస్తువులను స్టీలు పీచుతో రుద్దకండి, సన్నని నగిషీ అరిగిపోతుంది. చింతపండు పులుసుతో తోమి, వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

మా తోరణం మళ్లీ గోడెక్కింది. వంకర అలాగే ఉంది. మా చిన్నది మాత్రం స్నేహితురాళ్లు వస్తే ముందు దాన్నే చూపించి, కథంతా నానమ్మలాగే చెబుతోంది.