పంటిలో పొరల పొత్తు

పన్ను నొప్పి పుడితే పెద్దలు పంటి కింద లవంగం పెట్టుకోమంటారు. లవంగ నూనెలోని యూజినాల్ అనే పదార్థం నొప్పిని తగ్గిస్తుంది. దంతవైద్యులు కూడా యూజినాల్‌ను జింకు ఆక్సైడు పొడితో కలిపి, పిప్పిపన్నులోని గుంటను తాత్కాలికంగా పూడ్చడానికి వాడతారు. అయితే నొప్పిని ఊరడించే ఈ పదార్థమే ఒక్కొక్కప్పుడు పన్నును బాగుచేసే పనికి అడ్డు తగులుతుంది. దీనికి కారణం ఏమిటి?

పన్నుకు అన్నిటికంటె పైన ఉండే గట్టి పొర ఎనామిల్. దాని కింద డెంటిన్ ఉంటుంది. లోపల నాడులు, రక్తనాళాలు గల మెత్తని గుజ్జు ఉంటుంది. పుచ్చు లోతుగా పోయినప్పుడు వైద్యులు పాడైన భాగాన్ని తొలగిస్తారు. గుంట అడుగున గుజ్జుకు రక్షణగా ఒక పొర, దానిపైన నమిలే ఒత్తిడికి తట్టుకొనే మరొక పొర వేస్తారు.

పైపొరకు నేడు ఎక్కువగా పన్ను రంగులో ఉండే రెజిన్‌ను వాడుతున్నారు. దానిపై నీలికాంతి పడగానే అందులో చురుకైన కణాలు పుడతాయి. వాటి వల్ల చిన్న అణువులు ఒకదానితో ఒకటి చేరి పొడవైన గొలుసులుగా మారతాయి. అలా రెజిన్ గట్టిపడుతుంది. అడుగున యూజినాల్ సిమెంటు ఉంటే, అందులో మిగిలిపోయిన యూజినాల్ ఆ చురుకైన కణాలను పట్టివేస్తుంది. గొలుసు పెరగక మధ్యలోనే ఆగిపోతుంది. రెజిన్ పైకి గట్టిగా కనిపించినా, సిమెంటును తాకినచోట మెత్తగా ఉండిపోతుంది. ఆ సందుల్లోకి లాలాజలం, సూక్ష్మజీవులు చేరితే పన్ను మళ్లీ పుచ్చవచ్చు. అందువల్ల ఈ సిమెంటు మీద నేరుగా రెజిన్ వేయరు.

రెజిన్‌కు మంచి జోడు గ్లాస్ అయనోమర్ సిమెంటు. బ్రిటన్ శాస్త్రవేత్తలు విల్సన్, కెంట్ 1972లో దీనిని గురించి ప్రకటించారు. ప్రత్యేకమైన గాజుపొడి, ఆమ్ల ద్రావణం కలిసి చర్య జరపడం వల్ల ఇది గట్టిపడుతుంది. పన్నులోని కాల్షియంతో రసాయనికంగా బంధం ఏర్పరచుకొంటుంది. రెజిన్ గట్టిపడేటప్పుడు దాని ఘనపరిమాణం నూటికి సుమారు 2, 3 వంతులు తగ్గుతుంది. అప్పుడది పంటి గోడలను లాగుతుంది. గుంటలో కొంత భాగాన్ని ముందే గ్లాస్ అయనోమర్‌తో నింపితే, రెజిన్ తక్కువ సరిపోతుంది. లాగుడు కూడా తగ్గుతుంది. పన్నుకు, రెజిన్‌కు నడుమ సిమెంటును ఉంచే ఈ విధానాన్ని శాండ్‌విచ్ పద్ధతి అంటారు.

ఈ జోడుకు కూడా ఒక నియమం ఉంది. గ్లాస్ అయనోమర్ కొన్ని నిమిషాలలో బిగుసుకొన్నా, లోపల చర్య చాలాకాలం సాగుతుంది. మొదట్లో నీరు తగిలితే అది బలహీనపడుతుంది. మరీ ఎండిపోతే పగుళ్లు పడుతుంది. అది బిగుసుకోకముందే రెజిన్ వేస్తే, పైపొర లాగుడుకు అడుగుపొర చీలవచ్చు. అందుకే వైద్యులు తగినంత సేపు ఆగుతారు.

కింది వరసలు కొంత గట్టిపడనిదే తాపీమేస్త్రి గోడను మరీ ఎత్తుకు లేపడు. పంటి విషయంలోనూ అంతే. ఏ పొర మీద ఏ పొర వేయాలి, ఎప్పుడు వేయాలి అన్న తెలివిడి మీదనే పంటి ఆయుష్షు ఆధారపడి ఉంటుంది. పైపొర మెరుపు ఒక్కటే చూసి పన్ను బాగుపడిందనుకోరాదు.