కాలంతో పరుగుపందెం – చేపల బజారు

కూరగాయల సంతకు పొద్దెక్కాక వెళ్లినా ఫరవాలేదు. చేపల బజారు మాత్రం తెల్లవారకముందే సందడిగా ఉంటుంది. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా?

చేప చనిపోగానే దాని ఒంట్లోని ఎంజైములే కండను మెత్తబరచడం మొదలుపెడతాయి. మొప్పల్లో, పేగుల్లో ఉన్న సూక్ష్మజీవులు కండలోకి చొరబడతాయి. సముద్రపు చేపల కండలో ట్రైమిథైల్ అమీన్ ఆక్సైడ్ అనే వాసనలేని పదార్థం ఉంటుంది. సూక్ష్మజీవులు దీన్ని ట్రైమిథైల్ అమీన్‌గా మారుస్తాయి. మనం ముక్కు మూసుకునేది ఈ వాయువు వల్లనే! ఐసు ఈ మార్పులను నెమ్మదింపజేస్తుందే గాని, పూర్తిగా ఆపలేదు. కనుక చేపల బజారు అంటే కాలంతో పరుగుపందెం అన్నమాట.

ఈ పందెం ఎలా సాగిందో చెప్పడానికి జపాను రాజధాని టోక్యో మంచి ఉదాహరణ. 17వ శతాబ్దంలో ఆ ఊరి పేరు ఎడో. జాలరులు పాలకుడైన షోగున్ కోటకు చేపలు అందించి, మిగిలినవి నిహోంబాషి వంతెన దగ్గర అమ్ముకునేవారు. బజారు నది ఒడ్డునే ఉండేది కాబట్టి సరుకు పడవల నుంచి నేరుగా అంగళ్లకు చేరేది.

1923 సెప్టెంబరు 1న వచ్చిన మహా భూకంపంలో ఈ బజారు నాశనమైంది. దాని బదులు సముద్రతీరాన త్సుకిజి అనే చోట కట్టిన బజారు 1935లో మొదలైంది. అప్పటికి రైళ్లు వచ్చాయి. చేపల రైలు లోపలికే వచ్చి ఆగేలా పట్టాలు వంపుగా వేశారు. అందుకే భవనం కూడా విసనకర్ర ఆకారంలో వంపు తిరిగింది!

1954 మార్చిలో ఒక విపత్తు వచ్చింది. పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవి వద్ద అమెరికా హైడ్రోజన్ బాంబును పరీక్షించినప్పుడు, ఆ బూడిద ఒక జపాను చేపల పడవపై పడింది. ఆ పడవ చేపలు కొన్ని త్సుకిజికి చేరాయి. పరీక్షించి చూస్తే వాటిలో రేడియోధార్మికత బయటపడింది. వాటిని అమ్మకుండా బజారు ఆవరణలోనే పాతిపెట్టారు. కుళ్లిన చేపను ముక్కు పట్టేస్తుంది. రేడియోధార్మికతను పట్టడానికి పరికరమే కావాలి. బజారు అంటే అమ్మకం ఒక్కటే కాదు, పరీక్ష కూడా అని ఆనాడు తెలిసివచ్చింది.

2018 అక్టోబరులో టోకు బజారు త్సుకిజి నుంచి టొయోసుకు మారింది. త్సుకిజిలో వేసవి వేడి లోపలికి వచ్చేది. టొయోసులో మూసివున్న భవనాలను ఎప్పుడూ చల్లగా ఉంచుతారు. దూర సముద్రాల్లో పట్టిన తూర చేపలనైతే సున్నాకు దిగువన 60 సెంటీగ్రేడు డిగ్రీల దగ్గర గడ్డకట్టిస్తారు. అంత చలి ఎందుకంటే, మామూలు గడ్డకట్టే పెట్టెల్లో వాటి ఎర్రని కండ క్రమంగా గోధుమరంగుకు తిరుగుతుంది.

ఈసారి మీ ఊరి చేపల బజారుకు వెళ్లినప్పుడు మీరూ పరీక్షించండి. కళ్లు మెరుస్తూ ఉబ్బెత్తుగా ఉన్నాయా? మొప్పలు ఎర్రగా ఉన్నాయా? వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడుతోందా? అయితే ఆ చేప విషయంలో పందెం గెలిచినట్లే!