పులి అవుతారా? పాలపిట్ట అవుతారా?

ఒక్క ప్రశ్న! తొందరపడకండి, తీరిగ్గా ఆలోచించే జవాబు చెప్పండి.

మనిషి జన్మల కోటా అయిపోయింది, వచ్చే జన్మకి జంతువుల్లోనే ఏదో ఒకటి కోరుకోమని బ్రహ్మదేవుడు మీ ముందు జాబితా పెట్టాడనుకోండి. దేనికి టిక్కు పెడతారు?

దేవరకొండ బస్టాండు దగ్గర ఏ చాయ్ హోటల్లోనైనా నలుగురు కుర్రాళ్ళ మధ్య ఈ ప్రశ్న పడేసి చూడండి. "నేనైతే పులినే అయిత" అని ఇద్దరు ఒక్కసారే అంటారు. మూడోవాడు "సింహం" అంటాడు. నాలుగోవాడు కాస్త తెలివైనవాడైతే "మా ఇంట్ల పిల్లినైత... పొద్దుందాక పండుకోవచ్చు" అంటాడు. గొర్రె అవుతానన్నవాడు మాత్రం ఒక్కడూ దొరకడు!

కుర్రాళ్ళ తప్పేం లేదు. మన సినిమాలు నేర్పిన పాఠం అది. కృష్ణంరాజు 'బెబ్బులి' (1980), ఎన్టీఆర్ 'కొండవీటి సింహం' (1981), ఆ మరుసటి ఏడే 'బొబ్బిలి పులి'... ముప్ఫై ఏళ్ళు గడిచాక బాలకృష్ణ 'సింహా' (2010). పోస్టరు మీద పంజా పడిందంటే హాలు ముందు క్యూ పెరిగినట్టే. మన హీరోలందరూ కలిసి అడవిని ఎప్పుడో పంచేసుకున్నారు. మిగిలినవాళ్ళకి ఏముంది అక్కడ?

దేవరకొండ ఇంటిపేరు, లైగర్ ఒంటిపేరు

దేవరకొండ మాట వచ్చింది గనుక ఆ ఇంటిపేరుగల హీరో సంగతి చెప్పుకోకపోతే మీరు ఊరుకోరు. విజయ్ దేవరకొండ పెద్దలది అచ్చంపేట వైపు తుమ్మన్‌పేట. ఇంటిపేరులో మాత్రం మన ఊరుంది! ఆయనకి ఒక్క జంతువు చాలలేదు. 2022లో పూరి జగన్నాథ్ ఆయన్ని ఏకంగా 'లైగర్'ని చేశాడు. అంటే తండ్రి సింహం, తల్లి పులి. తమాషా ఏమిటంటే, గర్జించాల్సిన ఆ హీరోకి దర్శకుడు నత్తి పెట్టాడు. సినిమా అభిమానులు ఆశించినంత ఆడలేదు, అది వేరే సంగతి.

అసలు లైగర్ అనే జంతువు నిజంగానే ఉంది. పులి కంటే, సింహం కంటే భారీగా పెరుగుతుంది. కానీ అడవిలో వెతికితే దొరకదు. సింహాలూ పులులూ ఒకచోట కలిసి తిరగవు గనుక మనుషులు బోనులో పెంచి పుట్టించాల్సిందే. మగ లైగర్‌కి సంతానయోగం కూడా లేదు. అంత ఆకారం, అంత పేరు, పుట్టుకేమో బోనులో, వంశమేమో తనతోనే సరి! మరి అవుతారా లైగర్?

పులిగారి దినచర్య

పోనీ, అచ్చమైన పులే అవుదామంటారా? దేవరకొండకి దక్షిణంగా చందంపేట దాటి కృష్ణ వైపు వెళితే నల్లమల అంచు తగులుతుంది. నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో పరుచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం రెండువేల ఆరువందల చదరపు కిలోమీటర్లకి పైనే ఉంటుంది. చాలినంత ఆస్తి!

కానీ ఆ ఆస్తిలో బతుకెలాంటిదో వినండి. పులి వేట పదిసార్లలో ఒకసారి ఫలిస్తే గొప్ప. మిగతా తొమ్మిదిసార్లూ జింక గెలుస్తుంది, పులి పస్తు పడుకుంటుంది. సినిమాలో ఒక్క దెబ్బకి పదిమందిని ఎగరగొట్టే హీరో ఎక్కడ, ఒక్క జింక కోసం రాత్రంతా పొంచి ఉండే ఈ హీరో ఎక్కడ! స్నేహితులు ఉండరు. మగపులికి ఇల్లూ పిల్లల బాధ్యతా ఉండదు. తల్లి ఒక్కతే రెండేళ్ళపాటు కూనల్ని సాకి, వేట నేర్పి పంపుతుంది. ఆ కుర్రపులి సొంత ఇలాకా వెతుక్కోవాలి. అది దొరకాలంటే ముసలిపులితో కొట్లాడాలి. లేదా అడవి దాటి రోడ్డుమీదికి, చేలమీదికి రావాలి. అక్కడ పందుల కోసం పెట్టిన కరెంటు తీగ ఉండొచ్చు, ఉచ్చు ఉండొచ్చు. తీగకి పులి ఏది, పంది ఏది అనే తేడా తెలీదు కదా!

ఇంకో కష్టం. పులిగా పుడితే సినిమా ఛాన్సు కూడా పోయినట్టే! పులి, సింహం, చిరుత, ఎలుగుబంటి, కోతి - ఈ అయిదింటినీ ఆడించి ప్రదర్శించకూడదని కేంద్రప్రభుత్వం 1998లో ఉత్తర్వు వేసింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని బలపరిచింది. 'ఆర్ఆర్ఆర్' (2022)లో చిన్న ఎన్టీఆర్ మీదికి దూకిన పులి కంప్యూటర్లో పుట్టింది. దానికి ఆకలీ లేదు, ఉచ్చుల భయమూ లేదు. పులుల్లో అదృష్టవంతురాలు అదొక్కతే!

రంగు పూసుకుంటే పులి

మనవాళ్ళు ఈ సమస్యకి ఎప్పుడో ఒక ఉపాయం కనిపెట్టారు. అదే పులివేషం. పీర్ల పండుగకి నల్గొండ, పాలమూరు ఊళ్ళల్లో ఒళ్ళంతా పసుపురంగు, దానిమీద నల్లచారలు, వెనక తోక కట్టుకొని కుర్రాళ్ళు దిగుతారు. సరదాకి వేసేవాళ్ళుంటారు, మొక్కు తీర్చుకోవడానికి వేసేవాళ్ళూ ఉంటారు. హిందువా ముస్లిమా అన్న ప్రశ్న ఆ రంగుకింద కనపడదు. డప్పు మీద దరువు పడగానే నిన్నటిదాకా వంచిన తల ఎత్తనివాడు కూడా ఊరి నడిబజార్లో పంజా విసురుతాడు. పెద్దమనుషులు పక్కకి జరిగి దారి ఇస్తారు. పిల్లలు కేరింతలు కొడుతూ పారిపోతారు. సాయంత్రం రంగు కడుక్కుంటే మళ్ళీ మామూలు మనిషి.

ఇప్పుడు చెప్పండి, వాడికి కావలసింది పులి జన్మా? కాదు! ఒక్కపూట ఎవరికీ భయపడకుండా నడవడం కావాలి. చాయ్ హోటల్లో "పులినైత" అన్న కుర్రాడి కోరికా అదే కాదూ? ఇంట్లో నాన్నంటే భయం, కాలేజీలో పరీక్షంటే భయం, చదువయ్యాక ఉద్యోగం రాదేమోనని భయం. పులి పేరు చెప్పుకుంటే ఆ భయాలు కాసేపు తోక ముడుస్తాయి. ఆకలితో పడుకునే అసలు పులి సంగతి వాడికెందుకు?

మనసు మాత్రం మనిషిదే!

మన కథలు తిరగేసినా ఇదే సంగతి. జెమినీవారి 'బాలనాగమ్మ' (1942)లో మాయల మరాఠీ కాంచనమాల అంతటి అందగత్తెని కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు. ఒళ్ళు కుక్కది, ఏడ్చే మనసు మాత్రం బిడ్డతల్లిది. గజేంద్రుడి కథ తీసుకోండి. ధ్యానంలో పడి అగస్త్యుడికి మర్యాద చేయని ఇంద్రద్యుమ్న మహారాజు శాపం తగిలి ఏనుగయ్యాడు. నీళ్ళలో దేవలమహర్షి కాలు లాగి పరాచికమాడిన హూహూ అనే గంధర్వుడు మొసలయ్యాడు. ప్రాణంమీదికి వచ్చినప్పుడు ఆ ఏనుగుకి జ్ఞాపకం వచ్చింది వెనకటి జన్మలో నేర్చిన స్తోత్రమే! ఆ కథని తెలుగు చేసిన పోతన భాగవతాన్ని సర్వజ్ఞ సింగభూపాలుడు భూమిలో పాతిపెట్టించాడని ఒక ఐతిహ్యం. ఆయన రాచకొండ రాజు. మన దేవరకొండ కోట ఏలినవాళ్ళూ ఆ రేచర్ల పద్మనాయకులే.

2012లో రాజమౌళి 'ఈగ' చేసినపనీ అదే. చచ్చిపోయిన నాని ఈగగా పుట్టాడు. అయినా ప్రేమించిన బిందు గుర్తుంది, చంపినవాడూ గుర్తున్నాడు. నోరు లేదు గనుక కారు అద్దంమీద బెదిరింపు రాసి చూపించాడు! మామూలు ఈగ ఆయుష్షు కొద్ది వారాలే. జ్ఞాపకం లేని ఈగ అయితే ఆ వారాలు బెల్లందిమ్మెమీద హాయిగా గడిపేసి ఉండేది. మనం ఈలలు వేసింది ఈగకి కాదు, ఈగలో మరిచిపోకుండా మిగిలిన మనిషికి. ఆ సినిమాకి ఉత్తమ తెలుగు చిత్రంగానూ, స్పెషల్ ఎఫెక్టులకూ జాతీయ అవార్డులు వచ్చాయి.

కాబట్టి బ్రహ్మదేవుణ్ణి ముందే ఒక మాట అడిగి పెట్టుకోండి. "స్వామీ, జ్ఞాపకాలు ఉంచుతావా, తీసేస్తావా?" ఉంచితే మీరు తోకున్న మనిషే. తీసేస్తే, పులి అయినా ఆ సంగతి మీకే తెలీదు!

పొగడ్త కూడా ప్రమాదమే

పోనీ అందరూ మొక్కే జీవి అవుదామా? పాలపిట్ట తెలంగాణ రాష్ట్రపక్షి. రెక్క విప్పితే నీలాల వెలుగు. జోడీ కట్టే కాలంలో మగపిట్ట ఆకాశంలో వేసే పల్టీలు చూస్తే మన డాన్సు మాస్టర్లు కాపీ కొట్టాలి. దసరానాడు కనిపిస్తే శుభమని ఊరంతా పొలిమేరకి పోతుంది. ఆ నమ్మకమే దాని పీకమీదికి వచ్చింది. పట్టుకొని, పంజరంలో పెట్టి, చూపించి డబ్బులడిగేవాళ్ళు తయారయ్యారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. శుభం చూసినవాడికి, శిక్ష పిట్టకి!

గంగిరెద్దు అవుదామా? ఒంటినిండా రంగుల బట్టలు, మూపురానికి పూసలు, ముందు సన్నాయి. ఏ స్టారుకీ తీసిపోని ఊరేగింపు! కానీ ఎవరు ఏమడిగినా తల ఊపాల్సిందే. తనకి నచ్చని మాటకి తల అడ్డంగా ఊపిన గంగిరెద్దుని చూశారా మీరెప్పుడైనా?

ఇక నా ఓటు

మీరు నవ్వుకున్నా సరే, నేనైతే ఎలుగుబంటినవుతాను. దాని పేరు పెట్టుకోవాలని మన హీరోలు ఎగబడరు, అందాల తారలెవరూ ముద్దు చేయరు. వేసవి రాగానే ఇప్పపూలు రాలుతాయి. తేనె ఉండనే ఉంది, చెదపురుగులు ఊదిపీల్చే విద్య ఉంది. తల్లి ఎలుగు పిల్లల్ని వీపుమీద మోసుకు తిరుగుతుంది. పైగా మన భాషలో 'ఎలుగు' అంటే గొంతు కూడా. కావాలంటే ఎలుగెత్తి అరవొచ్చు!

ఒకటే షరతు. ఇప్పచెట్టు ఉండాలి, రాళ్ళగుట్ట ఉండాలి, గుట్టపక్కన నీళ్ళుండాలి. గుట్టని కంకర చేసి, చెట్టుని కట్టె చేస్తే, నేను ఊళ్ళోకి రాక తప్పదు. అప్పుడు మీరే కర్రలు పట్టుకొని తరుముతారు. ఏ జన్మ కోరుకున్నా, ఆ జన్మకి చోటు మిగల్చాల్సింది ఈ జన్మలోనే గదా.

మరి మీ టిక్కు దేనికి? పులి అయినా, పిట్ట అయినా మీ ఇష్టం. కానీ ఒక్కసారి ఆలోచించుకోండి, అడవిలో మార్నింగ్ షో ఉండదు!