ఓడ గడియారమే గడియారం

మే నెలలో మయామీ నుంచి సకుటుంబంగా కరీబియన్ ఓడ ప్రయాణం చేశాము. గది, భోజనం టిక్కెట్టులోనివే. సిబ్బంది బక్షీసులు, తీర విహారాలు అదనం. తిరిగి అమెరికాలోనే దిగాలి గనుక వీసా ఒక్క ప్రవేశానికే పరిమితమైతే చిక్కే.

మెక్సికోలోని కోజుమెల్ దీవిలో ఓడవారి టూరు ఖరీదెక్కువని బయటి టాక్సీ మాట్లాడాను. లెక్కల మనిషిని కదా! సాన్ హెర్వాసియో మాయా శిథిలాలు చూస్తున్నాము. నాలుగింటికల్లా ఓడ ఎక్కాలి. నా ఫోనులో రెండున్నర. శ్రీమతి చేతి గడియారంలో మూడున్నర! వేసవిలో మయామీ, కోజుమెల్ కన్నా గంట ముందుంటుంది. మా ఓడ నడిచేది మయామీ వేళకే. అమ్మ ఓడలో ఒంటరిగా ఉంది. పరుగు పరుగున చేరి చివరగా ఎక్కాము.

ఓడవారి టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్ళినవారికోసం ఆగదు. ఆ అదనపు సొమ్ము ఖర్చు కాదు, బీమా అని అప్పుడు తెలిసింది. ఓడ దిగేముందు మీ గడియారం సరిచూసుకోండి.